.32 రివాల్వర్‌కి రబ్బరు గ్రిప్ వేయించాలి, ఏది తీసుకోవాలి?

కుషాయిగూడ_కాంట్రాక్టర్ | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నాకు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. నాది కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో చేసిన .32 రివాల్వర్, మార్క్ 3, మూడంగుళాల బ్యారెల్. ఇవాళ రేంజ్‌లో ముప్పై రౌండ్లు కాల్చాను. పదిహేను దాటేసరికి ట్రిగ్గర్ గార్డు వెనక అంచు నడిమి వేలి కణుపు మీద కొట్టుకుని కొట్టుకుని ఎర్రగా కందిపోయింది. ఇప్పుడు వాచింది కూడా, అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బందిగా ఉంది. చిటికెన వేలికైతే పిడి మీద చోటే లేదు, గాల్లో వేలాడుతోంది. పైగా ఈ ఎండలకు అరచేతికి చెమట పట్టి నున్నటి చెక్క పలకలు జారుతున్నాయి. ప్రతి రౌండుకీ చేయి మళ్లీ సర్దుకోవాల్సి వస్తోంది.

వచ్చే నెల మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తున్నాడు. పాక్‌మెయర్ గానీ హోగ్ గానీ, ఆ అమెరికా కంపెనీల రబ్బరు గ్రిప్, అంటే పిడి తొడుగు తెమ్మని చెబుదామనుకుంటున్నాను. రెండింట్లో ఏది మెత్తగా ఉంటుంది? వాడినవాళ్లు చెప్పండి.

నిజాంపేట్_32 | ఆదివారం రాత్రి 10.15

అన్నా, ఆలోచించకుండా హోగ్ తెప్పించుకో. వాళ్ల టేమర్ రకంలో రబ్బరు లోపల సార్బోథేన్ అనే మెత్తటి పదార్థం పెడతారు, దెబ్బంతా అదే పీల్చుకుంటుంది. అమెరికాలో రూగర్ కంపెనీ ఎల్‌సీఆర్ అనే తేలికపాటి రివాల్వర్‌కి ఆ గ్రిప్ బిగించే అమ్ముతుంది. చేతికి నొప్పి అన్నదే ఉండదు.

సైనిక్‌పురి_ఆర్మరర్ | సోమవారం ఉదయం 6.20

తమ్ముడూ, మేనల్లుడికి చెప్పే ముందు ఇది చదువు. నేను 26 ఏళ్లు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో ఉన్నాను, ఇలాంటి వాచిన వేళ్లు చాలా చూశాను.

మొదటి మాట. నీ కాన్పూర్ రివాల్వర్ వెబ్లీ అనే బ్రిటిష్ కంపెనీ రివాల్వర్ల వంశానిది. మధ్యలో విరిచి తెరుస్తాం కదా, ఆ పద్ధతి అక్కడిదే. పాక్‌మెయర్, హోగ్ వాళ్లు చేసేవి ప్రధానంగా స్మిత్ అండ్ వెసన్, కోల్ట్, రూగర్, టారస్ కంపెనీల ఫ్రేములకు, అంటే రివాల్వర్ ఇనుప చట్రాలకు. పిడి లోపలి ఇనుప చట్రం ఆకారం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. స్మిత్ వాళ్ల చిన్న సైజు జె ఫ్రేము గ్రిప్ తెచ్చి నీదానికి పెడితే స్క్రూ రంధ్రం ఒకచోట, చట్రం వంపు ఇంకోచోట ఉంటాయి. చూడ్డానికి దగ్గరగా ఉందని చాకుతో చెక్కి ఎక్కించినవాళ్లున్నారు. పది రౌండ్లకే లోపల ఆడుతుంది. ఆడే గ్రిప్ కంటే జారే చెక్కే నయం.

రెండో మాట ఇంకా ముఖ్యం. నీ నొప్పి గట్టిదనం వల్ల వచ్చింది కాదు, ఖాళీ వల్ల వచ్చింది. ట్రిగ్గర్ గార్డుకీ పిడి ముందు భాగానికీ మధ్య గుంటలాంటి చోటు ఉంటుంది చూడు. నడిమి వేలు ఆ గుంటలోకి ఎక్కి కూర్చుంటుంది. పేలగానే తుపాకీ వెనక్కి తన్ని, మూతి పైకి లేస్తుంది. అప్పుడు గార్డు అంచు తిన్నగా కణుపు మీదకే వస్తుంది. నువ్వు ఎంత మెత్తటి రబ్బరు వేసినా అది ఆ గుంటని నింపకపోతే కణుపుకి దెబ్బ తప్పదు.

కాబట్టి రబ్బరు సంగతి తర్వాత. ముందు నీ చేయి ఎంత, పిడి ఎంత అన్నది చూడాలి.

గచ్చిబౌలి_టార్గెట్ | సోమవారం ఉదయం 8.05

అంకుల్ చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నేను .22 స్పోర్ట్ పిస్టల్ ఆడతాను, కానీ మా బాబాయి రివాల్వర్‌తో కూడా రేంజ్‌లో కాల్చాను. ఆయనది స్మిత్ వాళ్ల మధ్య సైజు కె ఫ్రేము. మెత్తగా ఉంటుందని వీపు కూడా కప్పేసే మందపాటి రబ్బరు గ్రిప్ వేయించారు. ఆయన చేతికి అమరింది. నావి చిన్న చేతులు. వెనక ఆ రబ్బరు మందం పెరగడంతో ట్రిగ్గర్ నాకు అంత దూరం జరిగిపోయింది. డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ ముందే ఎత్తకుండా ట్రిగ్గర్‌తోనే లాగాలంటే వేలి కొస మాత్రమే అందేది. కొసతో లాగితే నేరుగా వెనక్కి రాదు, పక్కకి నెడుతుంది. నా గుళ్లన్నీ ఎడమ వైపు పడ్డాయి. ఆ రోజంతా నా గురే పాడైందని టెన్షన్ పడ్డాను. తర్వాత పాత చెక్క పలకలు బిగించి కాలిస్తే గుళ్లు మధ్యకి వచ్చాయి.

అందుకే ఇలా చూసుకోండి అన్నా. రివాల్వర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలు వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు పిడి వీపు మీద ఎంత పైకి వెళ్తే అంత పైకి ఆనించండి. హ్యామర్, అంటే తూటాని పేల్చే వెనక సుత్తి, వెనక్కి వచ్చినప్పుడు చేతిని గీరకూడదు, అంతే. ఇప్పుడు బ్యారెల్, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. ఆ పట్టు మార్చకుండా చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. డబుల్ యాక్షన్‌కి మొదటి కణుపు మడత ట్రిగ్గర్ మీదకి రావాలి. హ్యామర్ ముందే లాగి కాలిస్తే వేలి మెత్త చాలు. మడత అందక చేతిని పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు పెద్దది. అలా తిప్పి పట్టుకుంటే తన్నంతా బొటనవేలి మొదటి ఎముక మీద పడుతుంది, ఆ నొప్పి వారం వదలదు.

కుషాయిగూడ_కాంట్రాక్టర్ | సోమవారం రాత్రి 9.10

చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే చూశాను. నాకు మడత సరిగ్గా ట్రిగ్గర్ మీదకే వస్తోంది. కొంచెం ఎక్కువే లోపలికి వెళ్తోందేమో కూడా. అంటే వెనక వైపు ఏం వేయనక్కర్లేదన్నమాట. అంకుల్ చెప్పిన గుంటలో చూపుడు వేలు పెట్టి చూశాను, దాదాపు వేలు పట్టేంత ఉంది. ఫోటో జతచేశాను. కణుపు మీద గాటు సరిగ్గా ఆ గార్డు అంచు వంపులోనే ఉంది, కొలిచి గీసినట్టు.

అయితే నాకు రబ్బరు అవసరమే లేదా?

సైనిక్‌పురి_ఆర్మరర్ | సోమవారం రాత్రి 9.55

ఫోటో చూశాను. గాటు చూస్తేనే తెలుస్తోంది.

రబ్బరు అవసరం ఉంది, కానీ పట్టు కోసం. నీకు రెండు వేర్వేరు పనులున్నాయి. గుంట నింపాలి, అది వేలి నొప్పికి మందు. జారకుండా చేయాలి, అది చెమటకి మందు. ఒకే వస్తువు రెండూ చేయాలని పట్టుపట్టకు.

గుంట నింపే ముక్క కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో టైలర్ టీ-గ్రిప్ అని చిన్న లోహపు ముక్క ఎన్నో దశాబ్దాల నుంచి ఉంది. పాత చెక్క పలకలు అలాగే ఉంచి వాటి కింద బిగించుకుంటారు, గార్డు వెనక ఖాళీ నిండుతుంది. పోలీసులు చాలామంది వాడినది. మన ఫ్రేముకి అది కుదరదు గానీ, అదే పని చేసే ముక్క మనం చేసుకోవచ్చు.

నిజాంపేట్_32 | సోమవారం రాత్రి 10.30

అంకుల్, మీ అనుభవానికి దండం. కానీ రబ్బరు దెబ్బ తగ్గించదంటే ఒప్పుకోలేను. నా దగ్గర నిర్భీక్ ఉంది, కాన్పూర్ వాళ్ల తేలికపాటి .32 రివాల్వర్. అది వాడేవాళ్లకే తెలుసు ఆ తన్ను.

సైనిక్‌పురి_ఆర్మరర్ | మంగళవారం ఉదయం 6.05

తగ్గించదని నేననలేదు, నీ విషయంలో నువ్వు చెప్పింది నిజమే. 2014లో వచ్చిన నిర్భీక్‌కి టైటానియం మిశ్రమం వాడారు, బరువు అర కిలో దరిదాపుల్లోనే. ఈ తమ్ముడి మార్క్ 3 సుమారు 700 గ్రాములు. తూటా రెండింటికీ అదే .32 లాంగ్. గుండు, మందు మారకుండా తుపాకీ బరువు 700 నుంచి 500కి పడిపోతే వెనక్కి వచ్చే వేగం 1.4 రెట్లవుతుంది. అరచేతికి తెలుస్తుంది, ఎందుకు తెలియదు? నీకు వీపు మీద పలుచటి మెత్త పనికొస్తుంది, వేలు అందితే.

కానీ .357 మాగ్నమ్ అనే చాలా బలమైన తూటా కోసం పుట్టిన మందపాటి గ్రిప్పుల్ని .32కి తగిలించడం నాకు నచ్చదు. .32 లాంగ్ నెమ్మదైన తూటా. మామూలు గుండు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు. ఒలింపిక్ తరహా సెంటర్ ఫైర్ పోటీల్లో దీన్ని ఏరికోరి వాడతారంటేనే అర్థం చేసుకో, చేతిని అలసిపోనివ్వదని.

గచ్చిబౌలి_టార్గెట్ | మంగళవారం ఉదయం 7.40

పోటీ పిస్టళ్లకి ఎక్కువగా చెక్క గ్రిప్పులే అంకుల్. మెత్తగా ఉండదని మొదట్లో నేనూ అనుకున్నా. కానీ మెత్తటిది ప్రతి షాట్‌కీ ఒకే తీరులో నొక్కుకోదు. చెక్క మన చేతి అచ్చుకి సరిపడేదాకా పుట్టీ పెడతాం, ఎండాక ఉప్పు కాగితంతో రుద్దుతాం, మళ్లీ పట్టుకుని చూస్తాం. నాది కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు కళ్లు మూసుకుని పట్టుకున్నా వేళ్లు వాటి చోటికి అవే వెళ్తాయి.

కోఠి_పాతసామాను | మంగళవారం మధ్యాహ్నం 2.15

నాదొక ప్రశ్న. మా తాతగారి నుంచి మా నాన్నకి, ఆయన నుంచి నాకు లైసెన్సు మీద వచ్చిన స్మిత్ అండ్ వెసన్ .32 ఉంది. పక్కకి తెరుచుకునే సిలిండర్. పలకల్లో ఒకటి పగిలింది. దీనికైతే బయటి గ్రిప్ దొరుకుతుంది కదా? ఏ సైజు అడగాలి?

సైనిక్‌పురి_ఆర్మరర్ | మంగళవారం సాయంత్రం 5.30

దొరుకుతుంది, కానీ ఫ్రేము పేరు తెలియకుండా డబ్బు పెట్టకండి. సిలిండర్ పక్కకి తెరిచి, దాన్ని మోసే చేయి చట్రంలో కూర్చునే చోట చూడండి. 1957 నుంచి వాళ్లు మోడల్ నంబరు అక్కడే కొట్టారు. నంబరు లేకపోతే అంతకుముందుది అనుకోవచ్చు. పాత .32లు ఐ ఫ్రేము మీద చేశారు, అది జె కంటే కాస్త చిన్నది. జె ఫ్రేము 1950లో వచ్చింది. కె, ఎల్ రెండింటికీ గ్రిప్ ఒకటే, ఎన్ ఇంకా పెద్దది. వాటిలో మళ్లీ పిడి అడుగు గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా అన్నది చూడాలి. అడుగు మూలలు వంపు తిరిగి ఉంటే రౌండ్ బట్, మూల తేలి ఉంటే స్క్వేర్ బట్. ఒకదానివి ఇంకోదానికి సరిగ్గా కూర్చోవు.

హోగ్ మోనోగ్రిప్ ఒకే ముక్క. కింద నుంచి సాక్సులా ఎక్కుతుంది. చట్రం అడుగున ఉండే చిన్న పిన్నుకి కొక్కెం తగిలించి, కింద నుంచి ఒక స్క్రూ బిగిస్తారు. పక్కల స్క్రూ లేదు కాబట్టి వదులయ్యేది తక్కువ. పాక్‌మెయర్ ఎక్కువగా రెండు పలకలు, అడ్డంగా స్క్రూ. ఏదైనా సరే, సిలిండర్ తెరిచి ఖాళీ తూటాలు బయటికి తోసి చూడండి. ఎడమ పలక పై అంచు లావుగా ఉంటే తూటా అక్కడ తట్టుకుని ఆగుతుంది. మంచి గ్రిప్పుకి ఆ చోట గుంటగా చెక్కి ఉంటారు. కాన్పూర్ పాత రకానికి ఈ గొడవ లేదు, అది ముందుకి విరుచుకుంటుంది. 2023లో వచ్చిన ప్రబల్ అనే కాన్పూర్ రివాల్వర్ మాత్రం పక్కకి తెరుచుకునేదే, అది కొన్నవాళ్లు కూడా ఇది చూసుకోవాలి.

ఇంకో మాట, పగిలిన ఆ పలక పారేయకండి. అతికించి, రబ్బరు గ్రిప్ వేశాక డబ్బాలో దాచండి. తాతగారిది.

కోఠి_పాతసామాను | మంగళవారం రాత్రి 8.00

అతికించి దాస్తాను సార్. లోపల మోడల్ నంబరు లేదు, రౌండ్ బట్. కొరియర్‌లో తెప్పించుకోవచ్చా?

ఏఎస్‌రావునగర్_వేటూరి | మంగళవారం రాత్రి 8.40

కొరియర్ జోలికి వెళ్లకండి అన్నా. నేను ఆ మధ్య రబ్బరు గ్రిప్ తెప్పించాను. పార్సిల్ మీద పంపినవాళ్లు తుపాకీ సామాను అని రాశారు. కస్టమ్స్‌లో రెండు నెలలు ఆగింది. లైసెన్సు కాపీ, అది ఒట్టి పిడి తొడుగని ఉత్తరం, మళ్లీ ఇంకో ఉత్తరం. చివరికి వచ్చింది గానీ కట్టిన సుంకం, తిరిగిన తిరుగుళ్లు లెక్కేస్తే గ్రిప్ ధర ఎంతో తేలిక అనిపించింది. ఇక్కడి లైసెన్సు ఉన్న ఆయుధ డీలరుని అడగండి, వాళ్ల దగ్గర పాత స్టాకులో ఒక్కోసారి ఉంటాయి. రివాల్వర్ పక్కనే పెట్టి చూసుకోవచ్చు కూడా.

క్యాష్‌వ్యాన్_డ్యూటీ | మంగళవారం రాత్రి 11.25

నేను మాజీ సైనికుణ్ణి, గన్‌మన్‌గా చేస్తున్నాను. రోజుకి పది గంటలు నడుముకి .32 ఉంటుంది. రేంజ్‌కి వెళ్లేవాళ్లు ఆలోచించని విషయం ఒకటి చెబుతాను. రబ్బరు చేతికి ఎలా అతుక్కుంటుందో చొక్కాకి కూడా అలాగే అతుక్కుంటుంది. వ్యాన్ దిగి ఎక్కే ప్రతిసారీ చొక్కా అంచు పిడికి పట్టుకుని పైకి లేచిపోయేది, తుపాకీ నలుగురికీ కనబడేది. అలా కనబడకూడదు.

నేను బ్యాడ్మింటన్ రాకెట్‌కి చుట్టే టేప్ వాడుతున్నాను. పిడి ముందు వైపు, వేళ్లు పట్టే చోట మాత్రమే. పక్కలా వీపూ చెక్కగానే వదిలేశాను. వేళ్లకి పట్టు ఉంది, చొక్కా జారిపోతుంది. రెండు మూడు నెలలకి టేప్ నలుపెక్కుతుంది, తీసేసి కొత్తది చుడతాను. బ్యారెల్ విరిచే మీట మీదకి గానీ, హ్యామర్ కదిలే చోటికి గానీ టేప్ రాకూడదు. చుట్టాక ఖాళీగా తెరిచి మూసి పదిసార్లు చూసుకోండి.

హబ్సిగూడ_పాలిమర్ | బుధవారం ఉదయం 7.15

నా ఉద్యోగమే రబ్బరుతో, అందుకని ఈ మాట. సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి తొడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, బాగానే పట్టుకుంటుంది. కానీ సైకిల్ ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరు. దానికి మినరల్ ఆయిల్ పడదు. తుపాకీకి వేసే నూనె తగిలిన చోట ఉబ్బి, మెత్తబడి, జిగురవుతుంది. గ్రిప్పుల్లో వాడే నియోప్రీన్ నూనెని చాలావరకు తట్టుకుంటుంది, అయినా సాల్వెంట్‌తో తుడవకూడదు. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. మే నెలలో కారులో వదిలేయడం రబ్బరుకే కాదు, తుపాకీకీ లైసెన్సుకీ కూడా మంచిది కాదు.

ఇంకొకటి, ఇది ఎవరూ చూడరు. రబ్బరు కింద చెమట ఇంకితే ఆరే దారి లేదు. పైకి గ్రిప్ కొత్తగా మెరుస్తుంటుంది, లోపల చట్రం తుప్పు పడుతుంది. మా స్నేహితుడు వానాకాలం అయ్యాక విప్పితే నీలం పూత మీద బియ్యపు గింజంత గుంటలు పడ్డాయి, వరసగా, సరిగ్గా అరచేయి ఆనే చోట. నెలకోసారి విప్పి, పొడి గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఆ నూనె మళ్లీ తుడిచేసి బిగించండి.

సైనిక్‌పురి_ఆర్మరర్ | బుధవారం ఉదయం 8.30

బంగారం లాంటి మాట. విప్పేటప్పుడు స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, జారితే పలక గీసుకుపోతుంది. స్క్రూ తీశాక పలకని గోరుతో ఎత్తి లాగొద్దు, మూల విరుగుతుంది. స్క్రూ సగం విప్పి, దాని తల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే అవతలి పలక అదే ఊడి వస్తుంది. స్మిత్ కె ఫ్రేము ఉన్నవాళ్లు పిడి ముందు వైపు కనబడే చిన్న స్క్రూ జోలికి పోవద్దు. అది లోపలి పట్టీ స్ప్రింగుని బిగించేది. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని వదులు చేస్తే హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలకుండా ఉండిపోతుంది.

కుషాయిగూడ_కాంట్రాక్టర్ | శనివారం రాత్రి 9.30

అందరూ చెప్పింది కలిపి ఒక ప్రయత్నం చేశాను, రాస్తున్నాను.

మొదట మా సైట్‌లో పనిచేసే వడ్రంగికి చూపిద్దామనుకున్నా. అంకుల్‌కి ఫోన్ చేస్తే గట్టిగా చెప్పారు, రివాల్వర్ మరొకరి చేతికి ఇవ్వొద్దు, పని చేయించాలంటే లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే చేయించి రసీదు తీసుకో, వడ్రంగికి కావాలంటే పలకలొక్కటే ఇవ్వు అని. అందుకే నేనే చేసుకున్నాను.

తుపాకీ ఖాళీ చేసి, గార్డు వెనక గుంటకీ పిడి ముందు భాగానికీ వంటింట్లో వాడే పలుచటి ప్లాస్టిక్ పొర చుట్టాను, పుట్టీ ఇనుముకి అంటకుండా. ఎం-సీల్ కలిపి ఆ గుంటలో పెట్టి, నడిమి వేలు పిడి పట్టినట్టే పెట్టి మెల్లగా నొక్కాను. వేలి అచ్చు పడింది. అరగంటకి గట్టిపడ్డాక ఊడదీసి, రాత్రంతా ఉంచి, పొద్దున ఉప్పు కాగితంతో అంచులు రుద్దాను. చింతగింజంత చిన్నగా ఏమీ లేదు, చిన్న ఖర్జూరం సైజు వచ్చింది. దాన్ని గుంటలో పెట్టి, మీద నుంచి పిడి ముందు వైపుకి రాకెట్ టేప్ చుట్టాను. కింద చిటికెన వేలి దగ్గర టేప్ రెండు చుట్లు ఎక్కువ వేశాను, ఆ లావుకి వేలు ఆనుతోంది. గార్డు లోపలికి ఏదీ రాలేదు, ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి వస్తోంది, మీట, హ్యామర్ స్వేచ్ఛగా ఆడుతున్నాయి. రెండు రోజులు ఖాళీగా లాగి చూశాకే రేంజ్‌కి తీసుకెళ్లాను.

ఇవాళ ఇరవై నాలుగు రౌండ్లు. కణుపు మీద పాత గాటు ఉంది, కొత్తది పడలేదు. చెమట పట్టినా చేయి సర్దుకోవాల్సి రాలేదు. పన్నెండో రౌండు దాకా ముక్క కాస్త కదులుతున్నట్టనిపించింది, టేప్ ఇంకో చుట్టు బిగించాక ఆగింది.

మేనల్లుడికి గ్రిప్ వద్దని చెప్పేశాను.

నిజాంపేట్_32 | శనివారం రాత్రి 10.05

అన్నా, ఆ ముక్క ఫోటో పక్క నుంచి, కింద నుంచి రెండు పెట్టు. రేపు నేనూ చేస్తాను. నిర్భీక్‌కి వీపు మీద కూడా పలుచటి టేప్ ఒక చుట్టు వేసి, వేలు అందుతుందో లేదో చెల్లెమ్మ చెప్పినట్టు ముందే చూసుకుంటాను.

గచ్చిబౌలి_టార్గెట్ | శనివారం రాత్రి 10.20

ఒక చుట్టుతోనే మొదలుపెట్టండి అన్నా. మడత ట్రిగ్గర్ మీద నుంచి కొంచెం జారినా అక్కడే ఆపేయండి. పుట్టీ రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ పొడి పీల్చకూడదు.

కుషాయిగూడ_కాంట్రాక్టర్ | శనివారం రాత్రి 10.50

ఫోటోలు రెండూ పెట్టాను. కింద నుంచి తీసినదాంట్లో పెన్సిలు గీత కనబడుతుంది చూడు, ముక్క అంతకంటే లోపలికి పోకూడదు. పోతే ట్రిగ్గర్ వెనక భాగం దానికి తగులుతుంది.